తొలి అమెరికా వెండి నాణేలు: డాలరుతో మొదలుపెట్టడం మేలా, అర డాలరుతోనా?

తొలినాటి అమెరికా వెండి నాణేల రకాలు గుర్తుపట్టడం, గ్రేడు కట్టడం (ఎంత బాగా నిలిచిందో స్థాయి నిర్ణయించడం) నేర్చుకోదలచినవారు 1794–1803 నాటి డాలరుతో మొదలుపెట్టాలా, 1807–1836 నాటి అర డాలరుతోనా అని నన్ను తరచూ అడుగుతున్నారు. ఫిలడెల్ఫియా టంకశాలలో అప్పట్లో అచ్చుల మీద అక్షరాలు, అంకెలు, నక్షత్రాలు ఒక్కొక్కటిగా చేతితో గుద్దేవారు కనుక ఏ రెండు అచ్చులూ ఒకేలా ఉండవు; ఆ తేడాలను బట్టి రకాన్ని, అంటే ఏ బొమ్మ, బొరుసు అచ్చుల జంటతో కొట్టిన నాణెమో, పట్టుకునే పద్ధతి రెండింటికీ ఒకటే.

దాదాపు 27 గ్రాముల డాలరు మీద వివరాలు భూతద్దం లేకుండానే కనిపిస్తాయి. అయితే బరువు సరిచేయడానికి ముద్రకు ముందే ఆకురాయితో రాసిన గీతలు వాటిపై తరచుగా ఉంటాయి. కొత్తవారు వాటిని తర్వాత తగిలిన దెబ్బలనుకుంటారు. పైగా ధర ఎక్కువ, నకిలీల బెడద ఎక్కువ.

నా దృష్టిలో తేల్చవలసిన అసలు విషయం వేరే ఉంది. నాణెం మీద ఒకచోట చదునుగా కనిపిస్తే అది అరుగుదలా, ముద్ర సరిగా పడకపోవడమా? అరిగినచోట మెరుగు పోయి వెండి మసకగా కనిపిస్తుంది. ముద్ర బలహీనంగా పడినచోట చదునులోనూ మెరుగు మిగిలి ఉండవచ్చు. బాగా చెలామణి అయిన నాణెంలో ఈ ఆధారం కూడా చెరిగిపోతుంది. అప్పుడు మిగిలే దారి ఒక్కటే: అదే అచ్చుల జంటతో కొట్టిన నాణేలను పక్కపక్కన పెట్టి చూడడం. వాటిలో బాగా నిలిచినవి కూడా అదేచోట చదునుగా ఉంటే తప్పు అచ్చుది లేదా ముద్రది, అరుగుదలది కాదు. అంటే రకం తెలియకుండా గ్రేడు నిలకడగా కట్టలేము.

ఆ పోలికకు వీలిచ్చేది అర డాలరే. 1804 తర్వాత మూడు దశాబ్దాలపాటు చెలామణికి డాలర్లు కొట్టకపోవడంతో అదే పెద్ద వెండి నాణెమై, బ్యాంకుల నిల్వలలో సంచులకొద్దీ ఉండిపోయింది. అందువల్ల మంచి స్థితిలో ఎక్కువగా మిగిలింది. సుమారు 450 అచ్చుల జంటలకు ఓవర్టన్ సంఖ్యలు (ఓవర్టన్ జాబితాలో ఒక్కో జంటకు ఇచ్చిన సంఖ్యలు) ఉన్నాయి, వాటిలో చాలా రకాలు సులువుగానే దొరుకుతాయి. బొమ్మ వైపు సంవత్సరపు అంకెల ఎడం, బొరుసు వైపు గద్ద పైనున్న పట్టీలోని అక్షరాలు అంచున ఉన్న దేశం పేరు అక్షరాలకు ఎదురుపడే తీరు చూస్తే చాలావరకు రకం తేలిపోతుంది. శిల్పి జాన్ రైక్ పనిచేసిన కాలపు నాణేలలో పదమూడవ నక్షత్రం కొసన, ఆయన సంతకంగా భావించే చిన్న గాటు కనిపించినప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పావు డాలర్లు తక్కువగా దొరుకుతాయి. డైమ్‌లు (పది సెంట్ల నాణేలు) చిన్నవి, కళ్లు అలవాటుపడ్డాక చూడవచ్చు.

కొనేటప్పుడు ఒక సాధారణ రకాన్నే ఎంచుకుని, బాగా అరిగినదొకటి, మెరుగు మిగిలినదొకటి తీసుకోండి. అచ్చు పగుళ్లు (పగిలిన అచ్చు వల్ల నాణెంపై ఉబ్బెత్తుగా పడే గీతలు) ఎంతవరకు సాగాయో కూడా ఆ రెండింటిలో పోల్చి చూడండి.