స్పేసర్ లిఫ్టా, స్ప్రింగులు మార్చడమా?

హైలక్స్, వీ-క్రాస్ లాంటి పికప్‌ను రెండంగుళాలు లేపడానికి చవక దారి స్పేసర్. ముందు స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) నెత్తిన సుమారు అంగుళం మందం దిమ్మ పెడితే చాలు, చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ మీటలా పనిచేయడం వల్ల చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు వస్తుంది. స్ప్రింగ్ విప్పక్కర్లేదు, మెత్తదనం కూడా పెద్దగా మారదు.

తిప్పలు గుంతల్లో మొదలవుతాయి. చక్రం కిందికి వేలాడినప్పుడు కంపెనీ అనుకున్న హద్దు దాటుతుంది: పై ఆర్మ్ చివరి బాల్ జాయింట్ (గుండ్రటి కీలు) బిగుసుకోవచ్చు, పై ఆర్మ్ స్ప్రింగ్‌కు తగలొచ్చు, ఫోర్‌వీల్ డ్రైవ్ బండైతే సీవీ బూట్ (ముందు చక్రాలను తిప్పే యాక్సిల్ కీలు మీది రబ్బరు తొడుగు) చిరిగి గ్రీజు కారొచ్చు. గట్టి దెబ్బకు బంప్ స్టాప్ (దెబ్బను ఆపే రబ్బరు దిమ్మ) కన్నా ముందే షాక్ పూర్తిగా నొక్కుకుపోయి అడుగు తాకే ప్రమాదమూ ఉంది.

కొత్త స్ప్రింగులు, పొడుగు షాకులకు ఖర్చు కొన్ని రెట్లు. అయితే ముందు బుల్‌బార్, వెనక ఎప్పుడూ లోడు ఉంటే ఆ బరువుకు తగ్గ స్ప్రింగ్ ఎంచుకోవచ్చు. స్పేసర్ బరువు మోయదు. ఖాళీ బండికి బరువు స్ప్రింగులు వేస్తే మాత్రం నడుం విరుగుతుంది.

వెనక కమాన్‌పట్టీల కింద ఒకటే బ్లాక్ పెట్టాలి. బ్లాక్ మీద బ్లాక్ వద్దే వద్దు. పట్టీలను యాక్సిల్‌కు బిగించే యూ-బోల్టులు కొత్తవే వాడి, 500 కిలోమీటర్లకు మళ్లీ బిగించాలి.

ఏది వేసినా ఆర్మ్‌లు, పట్టీల బుష్ (రబ్బరు కీలు) బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు సరిచూడాలి. మట్టిరోడ్డు అప్పుడప్పుడే అయితే స్పేసర్ సరిపోతుంది. రోజూ లోడుతో తిరిగే బండికి స్ప్రింగులే.