లూపోల్డ్ వీఎక్స్-5హెచ్‌డీ 3-15×44: కొన్ని వేట సీజన్ల వాడకం తర్వాత

ఇది రైఫిల్ మీద బిగించి గురి చూసుకునే స్కోపు. 3-15 అంటే బొమ్మను 3 నుంచి 15 రెట్లు పెద్దదిగా చూపుతుంది, 44 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. అమెరికాలోని కొలరాడోలో పానీ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ అనే గడ్డి మైదానాల వైపు ప్రాంగ్‌హార్న్ (జింకలాంటి కొమ్ముల జంతువు) వేటకు వెళ్తే దాక్కోవడానికి చాటే దొరకదు. పొట్టి గడ్డి, అక్కడక్కడా ఎండిన వాగుల పల్లాలు, అంతే. మైలు దూరం నుంచే అవి మనిషిని పసిగట్టేస్తాయి. ఎంత పాకినా చాలాసార్లు 250, 300 గజాల దగ్గర ఆగిపోవాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం వల్ల వేట ఊసే లేదు కాబట్టి, ఇక్కడికొచ్చాక లైసెన్సు, హంటర్ ఎడ్యుకేషన్ కార్డు తీసుకుని మొదలుపెట్టే మనవాళ్లకు స్కోపు విషయం చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా రైఫిల్ టిక్కా టీ3ఎక్స్ లైట్, 6.5 క్రీడ్‌మోర్ రకం తూటా వాడేది. కొనేటప్పుడు అందరి కన్నూ 25 రెట్లు అనే అంకె మీదే పడుతుంది. వేటకు అది అక్కర్లేదు. అక్టోబరు మధ్యాహ్నం ఎండకు నేల వేడెక్కితే, పెద్ద మాగ్నిఫికేషన్‌లో బొమ్మంతా అలలు అలలుగా కదులుతుంది. పైగా కనిపించే మేర ఇరుకైపోయి, పేల్చాక జంతువు ఎటు వెళ్లిందో అర్థం కాదు. నేను దాదాపు ఎప్పుడూ 8 నుంచి 10 మధ్యే ఉంచుతాను. సాయంత్రం వెలుతురుకూ అదే మంచిది. 44 మిల్లీమీటర్ల అద్దాన్ని 15తో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం 3 మిల్లీమీటర్లలోపే. 8 మీద పెడితే 5.5. సూర్యుడు అస్తమించాక అరగంట వరకే ఇక్కడ వేటకు అనుమతి. ఆ అరగంటలో కొమ్ములు స్పష్టంగా కనిపించాయంటే ఈ అద్దం గొప్పతనమే. బరువు సుమారు 570 గ్రాములు. రోజంతా భుజాన మోసేవాడికి ఇది చాలా పెద్ద విషయం.

దూరాన్ని బట్టి గురి ఎత్తు సరిచేసే దీని డయల్ నాకు బాగా నచ్చింది. 143 గ్రెయిన్ల (సుమారు 9.3 గ్రాముల) తూటా, సెకనుకు 2,700 అడుగుల వేగం, 200 గజాలకు జీరో చేస్తే (అక్కడ తూటా సరిగ్గా గురి మీదే తగిలేలా సరిచేస్తే) 400 గజాల దగ్గర సుమారు 22 అంగుళాలు కిందికి దిగుతుంది. ఎంఓఏ అనే కోణం కొలత 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం; డయల్ ఒక్కో క్లిక్కు పావు ఎంఓఏ, అంటే 21 క్లిక్కులు తిప్పాలి. మన తూటా వివరాలు ఇస్తే కంపెనీ గజాల అంకెలు చెక్కిన డయల్ ఒకటి ఉచితంగా పంపుతుంది, 400 గజాలకైతే లెక్క లేకుండా 4 దగ్గరికి తిప్పుకోవడమే. తిప్పనప్పుడు జీరో దగ్గర లాక్ పడి ఉంటుంది, సంచిలో ఒరుసుకున్నా కదలదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ డయల్ ఒక ఎత్తుకు, ఒక ఉష్ణోగ్రతకు చెక్కింది. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న హ్యూస్టన్ లెక్కతో చేయించుకుని 7,000 అడుగుల పైన వాడితే, గాలి పల్చగా ఉండి తూటా కాస్త పైకి తగులుతుంది. ఇక పక్కగాలికి డయల్ ఏమీ చేయలేదు. గంటకు 10 మైళ్ల గాలి 400 గజాల్లో తూటాను సుమారు 10 అంగుళాలు పక్కకు నెడుతుంది. ప్రాంగ్‌హార్న్ గుండె, ఊపిరితిత్తుల చోటే దాదాపు అంత ఉంటుంది. అందుకే గాలి ఉన్న రోజు 300 దాటి నేను పేల్చను. గాయపడి పారిపోయిన జంతువు పడే బాధ తలచుకుంటే ఇంకెలా పేలుస్తాం?

అసలు కథ బిగింపులో ఉంది. ఎంత ఖరీదైన స్కోపైనా దాన్ని రైఫిల్ మీద పట్టి ఉంచే రింగులు సరిగా లేకపోతే దండగే. ఇంతకుముందు వాడిన ఒక చవక రింగుల జతలో స్కోపు గొట్టం (ట్యూబు) మెల్లగా ముందుకు జరిగిపోయేది. ఇప్పుడు రింగుల కింద ఉండే బేస్‌ను రైఫిల్‌కు బిగించే స్క్రూల నూనె ఆల్కహాల్‌తో తుడిచి, స్క్రూ వదులు కాకుండా పట్టే నీలం లాక్‌టైట్ జిగురు ఒక చుక్క వేస్తాను. రింగు స్క్రూలకు మాత్రం వేయను, తడిగా ఉంటే టార్క్ రెంచ్ (బిగుతు కొలిచే పనిముట్టు) చూపే అంకె కంటే బిగుతు ఎక్కువైపోతుంది. నా రింగులకు 18 ఇంచ్-పౌండ్లు, అడ్డంగా ఒకటి మార్చి ఒకటి, కొద్దికొద్దిగా. ట్యూబు మీద రింగు అంచున పెయింట్ పెన్నుతో సన్నటి గీత గీస్తాను. జరిగితే ఆ గీతే పట్టిస్తుంది.

కంటికీ స్కోపుకీ మధ్య ఉండాల్సిన దూరం సరిచూసేటప్పుడు వేటలో తొడిగే చలికోటు తొడుక్కోండి. కోటు మందానికి రైఫిల్ ముందుకు జరుగుతుంది, టీషర్టు మీద కుదిరింది అక్టోబరులో కుదరదు. 15 రెట్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఆనించి, కళ్లు తెరవాలి. అంచున నల్లటి నీడ కనిపిస్తే స్కోపు జరపాలి, తల కాదు.

తర్వాత నిటారు. మేస్త్రీ గోడను సరిచూసినట్టు దారానికి బరువు కట్టి దూరంగా వేలాడదీసి, స్కోపులో కనిపించే క్రాస్‌హెయిర్ (గురి గీతల) నిలువు గీతను దాంతో కలపాలి. ఇది వంకరగా ఉంటే డయల్ తిప్పినప్పుడు తూటా పైకే కాదు, పక్కకూ పోతుంది. 100 గజాల్లో తెలియదు, 400లో తెలుస్తుంది. పరీక్ష సులువే. పొడవాటి కాగితంపై నిలువు గీత గీసి, దాన్ని 100 గజాల దూరంలో నిటారుగా అతికించి, కింది చుక్కకే గురిపెట్టి 20 ఎంఓఏ తిప్పి పేల్చాలి. గీత మీదే, డయల్ తిప్పకుండా పేలిస్తే తగిలే చోటుకు సుమారు 21 అంగుళాలు ఎత్తున రంధ్రం పడాలి. నా స్కోపు ప్రతి సీజన్ ముందూ ఈ పరీక్షలో నెగ్గుతూనే ఉంది.

600, 800 గజాల ఇనుప పలకలు కొట్టే సరదా ఉన్నవాళ్లకు ఇది సరిపోదు. క్రాస్‌హెయిర్ సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో ఉంటుంది, అంటే జూమ్ మారిస్తే గీతల కొలత మారిపోతుంది. వాళ్లు ఏ జూమ్‌లోనైనా ఆ కొలత మారని ఫస్ట్ ఫోకల్ ప్లేన్ ఉన్న, కాస్త బరువైనదే తీసుకోవాలి.