ఏటిగట్టు వెనుక గది: ఆత్రేయపురం ప్రయాణం

ఆత్రేయపురం వైపు శనివారం వెళ్లేవారు బస విషయంలో ఫోనులో చెప్పిన మాటను నమ్ముకోవద్దని చెప్పడానికే ముఖ్యంగా ఇది రాస్తున్నాను. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు మొక్కుకున్నవారు గోదావరి పాయ అయిన గౌతమి తీరానికి పోటెత్తుతున్నందువల్ల, ఆ చుట్టుపక్కల కొందరు లాడ్జీలవారి దగ్గర శనివారానికి వేరే ధర, వేరే మర్యాద ఉన్నాయి. మేము వెళ్లింది కూడా మా అత్తగారి మొక్కు కోసమే. ఆమెతో పాటు నా భార్య, కారు నడపడానికి మా బావమరిది వచ్చారు.

రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళ్లే దారినే ఎంచుకోమని నా సలహా. 1830ల నాటి కరువులతో చితికిపోయిన ఈ జిల్లాకు సాగునీరు అందించాలన్న ఉద్దేశంతో ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం దాటేది ఆ పాత కట్టను కాదు, 1982లో పూర్తయిన 175 గేట్ల బ్యారేజీని. బ్యారేజీలోని ధవళేశ్వరం, ర్యాలి భాగాలు దాటితే బొబ్బర్లంక వస్తుంది. మధ్య డెల్టా అంటే గౌతమికీ వశిష్ఠకూ నడుమ ఉన్న కోనసీమ; దానికి నీళ్లు ఇక్కడి తలుపుల గుండానే వెళతాయి. అక్కడి నుంచి రావులపాలెం వరకు రోడ్డు ప్రధాన కాలువను ఆనుకునే సాగుతుంది. కాలువ ఎత్తున, చేలు పల్లంలో ఉంటాయి కనుక నీరు తనంతట తానే పొలాలకు దిగుతుంది. సార్వా అనే వానాకాలం పంటకూ, దాళ్వా అనే రెండో పంటకూ ఆధారం ఆ వాలే. లొల్ల లాకుల దగ్గర కాలువ చీలుతుంది. సినిమా వాళ్లకు ఆ చోటు ఎంత ఇష్టమో ఇక్కడ ఎవరిని అడిగినా చెబుతారు గాని, ధాన్యం పడవలు ఒక మట్టం నుంచి మరో మట్టానికి ఎలా దిగేవో ఆ తలుపులను చూస్తూ ఊహించుకోవడమే నాకు ఎక్కువ నచ్చింది. మా బావమరిది మాత్రం ఇక్కడ కారు దిగనే లేదు, అతనికి ఆకలి.

ఇక లాడ్జి సంగతి. పేరు చెప్పను. "గోదావరి కనిపించే గది, ఏసీ, వేడినీళ్లు, రోజుకు రూ.1,800" అని ఫోనులో చెప్పి, ఒక్కో గదికి రూ.500 చొప్పున రెండు గదులకు బయానా ముందుగానే పంపించుకున్నారు. శుక్రవారం రాత్రి చేరేసరికి, రేపు శనివారం కాబట్టి గదికి రూ.3,200 అన్నారు. బయానా తిరిగి ఇవ్వమంటే, అది "బుకింగ్ ఖర్చు" అట. పక్క లాడ్జీలన్నీ నిండిపోయాయని తెలిసే ఆ గుమాస్తా అంత నింపాదిగా మాట్లాడాడు. రశీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు. వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు వరకేనట, ఆరున్నరకే ఆగిపోయాయి.

కిటికీ తెరిస్తే జనరేటరు, దాని వెనుక గడ్డి పెరిగిన మట్టికట్ట కనిపించాయి. నేను గుమాస్తాతో వాదిస్తుండగా మా అత్తగారు కుర్చీలో కూర్చునే తీర్పు చెప్పారు: "ఏటిగట్టు కన్నా ఎత్తున మేడ ఉంటే కదా బాబూ గోదారి కనబడేది!" పాలకొల్లు వైపు పుట్టి పెరిగిన మనిషి కనుక ఆమెకు అది చూడగానే తెలిసింది. ఈ సీమలో నదికీ ఊరికీ మధ్య గట్టు ఉంటుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు దాటిన వరద గట్లను తెంచుకుని ఊళ్ల మీద పడింది. గట్టు పక్కన ఒకటో అంతస్తు గదికి నది కనిపిస్తుందని చెప్పి డబ్బు తీసుకోవడం అబద్ధమే. అదే గట్టు మీదికి తెల్లవారుజామున నడిచి ఎక్కితే, అవతల లంకల్లో అరటితోటలు, కూరగాయల మడులు, వాటి వెనుక గౌతమి పైసా ఖర్చు లేకుండా కనిపించాయి.

వాడపల్లిలో దర్శనానికి మూడు గంటలు పట్టింది; అత్తగారు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ర్యాలిలో మాత్రం జనం పలచగా ఉన్నారు. ముందు కేశవుడిగా, వెనుక మోహినిగా ఒకే శిలలో మలచిన జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం వెనుక భాగాన్ని అర్చకుడు దీపం పట్టి నిదానంగా చూపించారు. కొప్పు ముడి దగ్గర ఆ శిల్పి చూపించిన ఓపిక కోసమైనా వెళ్లాలి.

ఈ ప్రయాణంలో పైసాకు పైసా విలువ దక్కింది ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒక ఇంట్లో. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టల మంట, పక్కన గిన్నెలో పలచటి బియ్యపు పిండి. ఆ ఇంటావిడ గుడ్డను పిండిలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగేది. రెప్పపాటులో ఉల్లిపొర లాంటి రేకు లేచి వచ్చేది. ఆ వేడి దగ్గర గంటల తరబడి కూర్చునే వారికి రేకుల లెక్కన దక్కే కూలి చాలా తక్కువని ఆమె మాటల్లో తెలిసింది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి దరఖాస్తు చేసిన తయారీదారుల సంఘం కాటన్ పేరునే పెట్టుకుంది. కాలువ నీళ్లు, వరి, రేకు అన్న వరుస చూస్తే ఆ పేరు సబబుగానే తోచింది. బెల్లం, నెయ్యి వేసినవి పది రేకుల పెట్టె రూ.200కు ఇచ్చారు, రోడ్డు మీద రంగుల బోర్డుల దుకాణంలో అవే రూ.280. జీడిపప్పు, బాదం కూరినవి కొనకండి, రేకు రుచి పోతుంది. నా భార్య ఆరు పెట్టెలు కొన్నది, అప్పటి నుంచి లాడ్జి ప్రస్తావన రానివ్వలేదు.

శనివారం మొక్కు లేనివారు మంగళ, బుధవారాల్లో వెళ్లి, రాజమహేంద్రవరంలోనే బస చేసి, పగటిపూట ఈ ఊళ్లు తిరగడం మేలు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అప్పుడు లొల్లలో చూసేది బురదే. దాళ్వా నాట్లు పడిన జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్లండి. శనివారమే తప్పనిసరి అయితే బయానా పంపకముందే ధరనూ, తేదీనీ రాతపూర్వకంగా తెప్పించుకోండి.