ఉద్యోగం ఉంచుకుని కెమెరానా, వదిలేసి కెమెరానా?

మంగళవారం పొద్దున ఆరున్నరకి చెరువు మీద మంచు మోకాటి ఎత్తున పరుచుకుని ఉంది. వెనక నుంచి ఎండ పడి ఆ మంచంతా నారింజ రంగుకి తిరిగింది. మధ్యలో ఎండుకొమ్మ మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ఇదంతా నేను బస్సు కిటికీలోంచి చూశాను. ఆఫీసుకి పోతున్నాను, కెమెరా ఇంట్లో ఉంది. శనివారం నాలుగింటికే లేచి అదే గట్టు మీద కూర్చుంటే మబ్బు, ముసురు. నీటికాకి లేదు సరికదా, ఆ కొమ్మని కూడా ఎవరో పీకేశారు.

ప్రకృతి ఫోటోగ్రఫీ మీద బతకాలనుకునే ప్రతి ఒక్కరికీ ఇలాంటి మంగళవారం ఒకటి ఉంటుంది. ఆ రాత్రే రాజీనామా లెటరు మనసులో రాసేసుకుంటారు. నేనూ రాసుకున్నాను. ఉద్యోగం చేస్తూ తొమ్మిదేళ్లు తీశాను, తర్వాత ఐదేళ్లు కెమెరా మీదే బతికాను, ఇప్పుడు వారానికి మూడు రోజుల పని ఒకటి పట్టుకుని మిగతా రోజులు తీస్తున్నాను. మూడు చెరువుల నీళ్లూ తాగాను కాబట్టి ఏది మేలో నా లెక్క చెబుతాను.

నేను చూసే కొలత ఒక్కటే: ఈ దారిలో ఉంటే ఒకే చోటికి ఏడాదిలో ఎన్నిసార్లు తిరిగి వెళ్లగలను? డబ్బు సంగతి తర్వాత. మొదటిసారి వెళ్లిన చోట అందరూ తీసే ఫోటోయే మనకీ వస్తుంది. లకుముకి పిట్టనే తీసుకోండి. మొదటి రోజు నీలంగా ఏదో రివ్వున పోయిందన్న సంగతి తప్ప ఏమీ తెలియదు. ఐదారుసార్లు వెళ్లాక, చేప దొరికిన ప్రతిసారీ అది ఆ కొమ్మ మీదికే వస్తోందని తెలుస్తుంది. ఇంకొన్నిసార్లు వెళ్తే, చేపని కొమ్మకేసి ఎడాపెడా బాదుతుందని, ఆ తర్వాత ముక్కులోనే దాన్ని తిప్పుకుని తల వైపు నుంచి మింగుతుందని తెలుస్తుంది. ఆ తిప్పుకోవడం రెప్పపాటు పని. అది ఎప్పుడొస్తుందో తెలిసినవాడి వేలు ముందే షట్టర్ మీద ఉంటుంది. తెలియనివాడికి ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా ఖాళీ కొమ్మే దక్కుతుంది.

ఈ కొలతతో చూస్తే ఉద్యోగం మనం తిట్టుకునేంత చెడ్డదేమీ కాదు. అడవి జంతువుల ఫోటోలకి ఆద్యుల్లో ఒకడైన జార్జ్ షైరస్ లాయరు. అమెరికా ప్రతినిధుల సభకి కూడా ఒకసారి ఎన్నికయ్యాడు. రాత్రిపూట చిన్న పడవలో దీపం పెట్టుకుని సరస్సు ఒడ్డు వెంట చప్పుడు కాకుండా పోతూ, వెలుగు చూసి నిలబడిపోయిన జింకల్ని ఫ్లాష్ వేసి తీసేవాడు. దారికి అడ్డంగా తీగ కట్టి, జంతువు తగిలితే దానంతట అదే ఫోటో పడే ఏర్పాటూ చేశాడు. ఇప్పటి కెమెరా ట్రాప్‌కి అది తాత. 1906 జూలై నేషనల్ జియోగ్రాఫిక్ సంచికలో ఆయనవి 74 ఫోటోలు వచ్చాయి. ఆ పని వెనక మిషిగన్‌లోని వైట్‌ఫిష్ లేక్ ఉంది. పిల్లవాడిగా మొదటిసారి చూసిన ఆ సరస్సుకే ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వెళ్లాడు.

జీతం ఉన్నవాడికి ఇంకో సుఖం ఉంది, పైకి కనపడదు. ఖాళీ చేతులతో ఇంటికి రావచ్చు. ఆరు గంటలు కూర్చుని ఒక్క క్లిక్ కూడా లేకుండా వచ్చినా నెల గడిచిపోతుంది. ఆ నిశ్చింత నాకు ఫుల్‌టైమ్‌లో ఐదేళ్లపాటు దొరకలేదు. ఉద్యోగంతో వచ్చే అసలు ఇబ్బంది వేరే. మంచి వెలుగు శని, ఆదివారాలు చూసుకుని రాదు. వలస పక్షుల కోసమో, పూత కాలం కోసమో వరసగా పది రోజులు కావాలంటే సెలవు దొరకదు. వారం పొడుగునా నిద్ర చాలక శనివారం గట్టు మీద కునికిపాట్లు పడతాం. నేను చాలాసార్లు పడ్డాను.

మానేసిన వాళ్ల కథలు వినడానికి బాగుంటాయి. గేలెన్ రోవెల్ కార్లు బాగుచేసే షాపు నడిపేవాడు. 1972లో దాన్ని అమ్మేసి ఫోటోగ్రఫీలోకి దిగాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1974 జూన్‌లో, కాలిఫోర్నియా యోసెమిటీలోని హాఫ్ డోమ్ అనే పెద్ద బండకొండ ఎక్కిన ఆయన కథనం నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్ర కథగా వచ్చింది. జనం ఇక్కడితో కథ ఆపేస్తారు. కుర్రతనం నుంచీ ఆ బండలే ఎక్కుతున్న మనిషి అన్న సంగతి వదిలేస్తారు. షాపు అమ్మేనాటికే ఆయనకి తన చోటు ఉంది. పక్షుల ఫోటోలకి పేరుపడ్డ ఎలియట్ పోర్టర్ అయితే డాక్టరీ చదివి హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీ వైపు పనిచేసేవాడు. ఆనాటి పేరున్న ఫోటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ తన న్యూయార్క్ గ్యాలరీలో ఆయన ఫోటోలు ప్రదర్శించాక, 1939లో ఉద్యోగం వదిలేసి రంగుల్లో పక్షుల్ని తీయడానికి వెళ్లిపోయాడు. జనంలో ఆయనకి పెద్ద పేరు తెచ్చిన పుస్తకాన్ని ప్రకృతి రక్షణకి పనిచేసే సియెర్రా క్లబ్ 1962లో వేసింది. మధ్యలో ఇరవైమూడేళ్లు! ఇంకో మాట కూడా చెప్పాలి, పోర్టర్‌ది డబ్బున్న కుటుంబం. ఆయన్ని చూసి రాజీనామా ఇచ్చేముందు మన బ్యాంకు పుస్తకం ఒకసారి చూసుకోవడం మంచిది.

ఫుల్‌టైమ్‌లోకి వచ్చాక నాకు తగిలిన మొదటి దెబ్బ, బయట గడిపే రోజులు నేను అనుకున్నంత పెరగకపోవడం. డైరీ తీసి లెక్కపెడితే మొదటి ఏడాది కెమెరాతో బయటున్నది మూడోవంతు రోజులు కూడా లేవు. మిగతాదంతా కుర్చీలోనే. ఫోటోలు ఏరడం, హార్డ్ డిస్క్‌లోకి రెండు కాపీలు ఎక్కించడం, క్యాప్షన్లు, ఇన్వాయిస్‌లు, 'డబ్బు ఎప్పుడు పంపుతారండీ' అని మర్యాదగా రాసే మెయిళ్లు. ఒక పత్రిక నా గుడ్లగూబ ఫోటో వేసుకుని ఎనిమిది నెలలు తిప్పింది. పైగా క్యాప్షన్‌లో వేరే గుడ్లగూబ పేరు వేశారు. పక్షుల గురించి తెలిసిన పెద్దాయన ఒకరు నాకు ఫోన్ చేసి, "ఇది కూడా తెలీదా బాబూ?" అన్నారు. డబ్బు ఆలస్యమైనందుకన్నా ఆ మాటకే ఎక్కువ బాధపడ్డాను.

రెండో దెబ్బ తెలియకుండా తగిలింది. అమ్ముడుపోయేదే తీయడం అలవాటైపోయింది. సాలెగూడు ముందు కూర్చుని, "దీన్నెవరు కొంటారు?" అనుకుని లేచి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. జీతం తీసుకునే రోజుల్లో అదే సాలెగూడు ముందు పొద్దంతా కూర్చునేవాణ్ని.

అయితే ఫుల్‌టైమ్ అంటే ఒకటే దారి కాదు. ఏ దారిలో డబ్బు వస్తుందన్నదాన్ని బట్టి జీవితం మొత్తం మారిపోతుంది.

మన ఫోటోలు పెట్టుకుని అడిగినవాళ్లకల్లా అమ్మిపెట్టే స్టాక్ ఏజెన్సీల గురించి ఎక్కువ చెప్పను. విండోస్ ఎక్స్‌పీ తెర మీద పచ్చటి గుట్ట, నీలాకాశం గుర్తున్నాయా? చార్లెస్ ఓరియర్ 1996లో కాలిఫోర్నియాలో కారులో పోతూ పోతూ ఆగి తీసిన ఫోటో అది, ఏజెన్సీ ద్వారానే మైక్రోసాఫ్ట్‌కి చేరింది. అలాంటి లాటరీ తగులుతుందని లక్షల మంది ఫోటోలు ఎక్కిస్తున్నారు. చవక స్టాక్ సైట్లు 2000 తర్వాత పుట్టుకొచ్చి ధరలు దించేశాయి. ఇప్పుడు ఒక డౌన్‌లోడ్‌కి సెంట్లలో లెక్క. దానికోసం ఒక్కో ఫోటోకి 'పక్షి, నీలం, నీళ్లు, ఒంటరి, ప్రశాంతం' అని ముప్పై నలభై మాటలు టైప్ చేయాలి. నా కొలతకి ఇది అట్టడుగున నిలుస్తుంది. ఎందుకంటే ఇక్కడ పదోసారి వెళ్లి తీసిన ఫోటోకీ, మొదటిసారి తీసిన ఫోటోకీ ఒకటే రేటు.

అసైన్‌మెంట్, అంటే పత్రిక డబ్బిచ్చి పంపే పని, దానికి పూర్తిగా ఎదురు. వేరేవాళ్ల డబ్బుతో నెలల తరబడి ఒకే పని మీద ఉండొచ్చు. 1999, 2000 సంవత్సరాల్లో జీవశాస్త్రవేత్త మైక్ ఫే మధ్య ఆఫ్రికా అడవుల్లో సుమారు 3,200 కిలోమీటర్లు కాలినడకన దాటితే, ఫోటోగ్రాఫర్ మైకేల్ నికోల్స్ ఆ యాత్రని నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక కోసం తీశాడు. ఆ ఫోటోలూ, ఆ నడకలో కూడిన సమాచారమూ చూశాక గాబాన్ ప్రభుత్వం 2002లో ఒకేసారి 13 నేషనల్ పార్కులు ప్రకటించింది. మన ఫోటోకి ఇంత పని చేసే శక్తి ఉందనుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ అలాంటి బడ్జెట్ ఇచ్చే పత్రికలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాళ్లు పిలిచేది కూడా ఒక చోటునో, ఒక జంతువునో కాచి వడబోసినవాళ్లనే. అంటే అసైన్‌మెంట్‌తో కెరీర్ మొదలవ్వదు. మన దగ్గర చూపించడానికి ఏదైనా ఉన్నాకే వస్తుంది.

వర్క్‌షాప్‌లు చెప్పడం చిన్నతనమని చాలామంది అనుకుంటారు. కొండల నలుపు తెలుపు ఫోటోలకి ప్రసిద్ధుడైన ఆన్సెల్ ఆడమ్స్ 1955 నుంచి ఏటా యోసెమిటీలో పాఠాలు చెప్పాడు. అంతకుముందు అక్కడి హోటళ్లు నడిపే కంపెనీకి ప్రచార ఫోటోలు తీసిపెట్టాడు. అంతటి మనిషికీ ప్రింట్ల మీద బతకడం చాలా ఏళ్లు కుదరలేదు. కాబట్టి మొదటి ఏడాదే ప్రింట్లు అమ్మి ఇల్లు నడుపుతామనే ఆశ పెట్టుకోకండి.

వర్క్‌షాప్ పొద్దు ఎలా ఉంటుందో చెబుతాను. గట్టు మీద ఎనిమిది మంది, ఎనిమిది ట్రైపాడ్‌లు. కొంగల గుంపు ఏ క్షణమైనా లేస్తుంది. ఒకాయన ట్రైపాడ్ మధ్య కడ్డీని పూర్తిగా పైకి లాగేశాడు, గాలికి కెమెరా గడ్డిపోచలా ఊగుతోంది. నేను వంగి కడ్డీ దించాను, ఒక కాలు బురదలో దిగుతుంటే కింద చదునైన రాయి పెట్టాను, బ్యాగ్ తీసి కడ్డీకి వేలాడదీశాను. లేచి చూసేసరికి కొంగలు నెత్తి మీదున్నాయి. నా కెమెరా జిప్ వేసిన బ్యాగ్‌లో ఉంది. ఆ సీజన్ మొత్తంలో అంత దగ్గరగా లేవడం అదొక్కసారే. ఆయనకి మాత్రం ఫోటో అద్భుతంగా వచ్చింది, ఇంట్లో పెద్దగా ప్రింట్ వేయించుకున్నారు కూడా.

ఇంత చెప్పాక కూడా, ఫుల్‌టైమ్ దారుల్లో వర్క్‌షాప్‌కే నా ఓటు. అందరికన్నా రెండు మూడు రోజులు ముందే వెళ్లి చోటు చూసుకోవాలి, ఆ రోజులు పూర్తిగా నావి. అదే చోటికి ఏటా నాలుగైదుసార్లు వెళ్తాను, ఖర్చు వాళ్లది. 'ఇక్కడే ఎందుకు నిలబడ్డారు?' అని ఎవరో అడిగితే జవాబు చెప్పడానికి నోరు తెరిచినప్పుడే, అలవాటుగా చేసేదానికీ ఆలోచించి చేసేదానికీ తేడా నాకు తెలిసొచ్చేది.

ఇక ఎదుగుదల సంగతి. పోటీలకి పంపడం మేలా, పదిమందిలో పడకుండా ఏళ్ల తరబడి ఒక పని మీదే కూర్చోవడం మేలా అని అడుగుతుంటారు. పోటీల వల్ల ఒక లాభం ఉంది, ఆఖరు తేదీ. రెండు వేల ఫోటోల్లోంచి పది ఏరక తప్పదు. కానీ గెలవడమే పనిగా పెట్టుకుంటే బుద్ధి వక్రిస్తుంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009లో గెలిచిన తోడేలు ఫోటోకి ఇచ్చిన బహుమతిని 2010 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. అది అడవి తోడేలు కాదు, మచ్చిక చేసిందే అయ్యుంటుందని జడ్జీలు తేల్చారు. అదే పోటీలో 2020లో గెలిచిన సెర్గేయ్ గోర్ష్‌కోవ్, చెట్టుని కౌగిలించుకున్న సైబీరియా పులి ఫోటో కోసం కెమెరా ట్రాప్‌లు పెట్టి 11 నెలలకు పైగా కాచుకున్నాడు. ఒకే పోటీ, ఒకే బహుమతి. ఆ 11 నెలలు మాత్రం బహుమతి రాకపోయినా ఆయనవే.

మరి ఏది మేలు? మీకింకా తిరిగి తిరిగి వెళ్లే చోటంటూ ఏర్పడకపోతే ఉద్యోగమే మేలు, ఇందులో నాకు అనుమానం లేదు. చోటు ఉండి, ఒకసారి డబ్బిచ్చి ఫోటో తీసుకున్నవాళ్లు రెండోసారి వాళ్లంతట వాళ్లే వచ్చి అడిగారంటే, అప్పుడు మూడు రోజుల పనో, పూటపనో చూసుకోండి. పూర్తిగా వదిలేయడం నేను ఎవరికీ మొదటి మాటగా చెప్పను. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు పెద్దలు. ఈ పనిలో మాత్రం ఒక కాలు ఒడ్డు మీదుంటేనే పడవ కుదురుగా ఉంటోంది, నా అనుభవం ఇదే.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు అసలు తూచుకోవాల్సింది ఇంకోటి ఉంది: కూడబెట్టిన డబ్బుతో పెద్ద లెన్స్ కొనాలా, జీతం లేని సెలవు పెట్టాలా? నేను రెండోదే చేశాను. పాత 300 ఎంఎం లెన్స్‌తో ఆరు వారాలు ఒక కొంగల స్థావరం దగ్గర, గూళ్లకి బాగా దూరంలో, తెర కట్టుకుని కూర్చున్నాను. పదకొండు రోజులు వాన. నాలుగో వారంలో విసుగొచ్చి రెండు రోజులు వెళ్లడమే మానేశాను. మూడో రోజు వెళ్లేసరికి పిల్లలు గూటి అంచుకి వచ్చి తల్లి ముక్కు పట్టుకుని లాగుతున్నాయి. లెన్స్ చిన్నది కావడంతో ఫ్రేమ్‌లో చెట్టంతా పడింది, గూళ్లన్నీ పడ్డాయి, కింద నీళ్లూ పడ్డాయి. పక్షి దగ్గరగా లేదని మొదట నేనే దాన్ని పక్కన పెట్టాను. నా ఫోటోల్లో రెండుసార్లు అమ్ముడుపోయిన మొదటిది అదే. రాజీనామా ఇచ్చింది ఆ తర్వాత రెండేళ్లకి.