కొత్త జాబ్ ట్రీట్ స్పెయిన్‌లో: సెవిల్ తాపాస్ బెటరా, గ్రనాడా తాపాస్ బెటరా

జర్మనీలో మాస్టర్స్ అయ్యాక జాబ్ వెతుక్కోడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు, అవి ఎలా గడుస్తాయో ఇక్కడ చదువుకున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. నాకు పర్మిట్ చివరికొచ్చేశాక ఆఫర్ వచ్చింది, కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టానో లేదో గ్రూప్‌లో "పార్టీ ఎప్పుడ్రా" అని మొదలుపెట్టేశారు. చేతిలో డబ్బుల్లేనప్పుడు రెంట్‌కి సర్దింది వీళ్ళే, రాత్రిళ్ళు కూర్చుని నా సీవీ దిద్దింది వీళ్ళే, అలాంటోళ్ళకి ఊళ్ళోనే ఏదో ఇండియన్ రెస్టారెంట్లో బిర్యానీ పెట్టించి మమ అనిపించడం నాకిష్టం లేదు. అందుకని జాయినింగ్‌కి ముందు, అక్టోబర్ చివర్లో, నలుగురం కలిసి స్పెయిన్ వెళ్దాం, టికెట్లు ఎవరివి వాళ్ళవి, తిండి ఖర్చంతా నాది అని తేల్చుకున్నాం.

మా గ్యాంగ్‌కి భోజనం అంటే పెద్ద పంచాయితీ. సీనియర్ అక్క ప్యూర్ వెజ్, గుడ్డు కూడా ముట్టదు, మందు అసలే లేదు. మా రూమ్మేట్ చికెన్, చేప, రొయ్య తింటాడు గానీ బీఫ్, పోర్క్ జోలికి పోడు. గుంటూరోడు కాలున్నవి కాల్లేనివి అన్నీ తింటాడు. మామూలు రెస్టారెంట్‌కెళ్తే ఎవడి ప్లేట్ వాడిది, అక్కకి సలాడే గతి. తాపాస్ అంటే చిన్న చిన్న ప్లేట్లు మధ్యలో పెట్టుకుని తలా కొంచెం తినడం, ఒక బార్‌లో రెండు ప్లేట్లు, పక్క బార్‌లో ఇంకో రెండు, అలా నడుస్తూ మాట్లాడుకుంటూ రాత్రంతా తినొచ్చు, అందుకే స్పెయిన్. ఉత్తర స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్ కూడా అనుకున్నాం, కానీ అక్కడి పించోస్ చాలావరకు బ్రెడ్ ముక్క మీద పెట్టిచ్చే ఒక్క ముద్ద సరుకు, ఎవరిది వాళ్ళు నోట్లో వేసుకోడమే, పైగా చేపలూ రొయ్యలే ఎక్కువ, అక్క కోసం దాన్ని పక్కన పెట్టేశాం.

ముందు సెవిల్. ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీకి ఈఏ అని బస్సుంది, టాక్సీ అయితే ఫిక్స్‌డ్ రేటే కాబట్టి నలుగురుంటే టాక్సీయే నయం. అలమేడా దె ఎర్కులెస్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఏరియా సూపర్, కింద బార్లు, కాఫీ షాపులు, కేథడ్రల్ వైపు తీరిగ్గా నడిచెళ్ళొచ్చు. ఇల్లు మాత్రం ఫొటోల్లో చూపించినట్టు లేదు, లిఫ్ట్ ఉందని రాశారు, తీరా చూస్తే అది పనిచెయ్యట్లేదు, మెసేజ్ పెడితే మర్నాటిదాకా రిప్లై లేదు. మళ్ళీ వెళ్తే త్రియానాలో ఉంటా, గ్వాదల్కివిర్ నదికి అవతలి ఒడ్డు, కాస్త ప్రశాంతంగా ఉంటుంది, 1852లో కట్టిన త్రియానా బ్రిడ్జి దాటి నడిచొస్తే ఇవతల పాత ఊరు.

ఎల్ రింకొన్సియో గురించి కాస్త వివరంగానే చెప్పాలి. 1670 నుంచి ఉన్న బార్ అది, సాంతా కతలీనా చర్చి దగ్గర. పైన వరసగా పంది తొడలు వేలాడుతుంటాయి, అక్క గుమ్మంలోనే ఆగిపోయి "ఇక్కడ నాకేం దొరుకుద్ది రా" అంది. ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్ చెప్పాం, పాలకూర, కాబూలీ శనగలు, వెల్లుల్లి, జీలకర్ర, ఆలివ్ నూనె. చిన్న మట్టి గిన్నెలో పొగలు కక్కుతూ వచ్చింది, అక్క ఒక స్పూన్ తిని కళ్ళు పెద్దవి చేసి "అచ్చం మా అమ్మ చేసే పాలకూర శనగల కూరే రా ఇది" అని గిన్నె తన వైపు లాక్కుంది, తర్వాత ఇంకో రెండు చెప్పాల్సొచ్చింది. గుంటూరోడు ఇబేరికో హామ్, అంటే ఆ పంది తొడ మాంసం, ప్లేట్ వేరేగా పెట్టుకున్నాడు, మా రూమ్మేట్ పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప తిన్నాడు. అక్కడ కౌంటర్ దగ్గర నిలబడే తింటారు, మనం చెప్పిందల్లా వెయిటర్ చెక్క కౌంటర్ మీద, మన ఎదురుగానే, సుద్దతో రాసుకుంటూ పోతాడు, చివర్లో కూడేసి, డబ్బులు తీసుకుని, తడిగుడ్డతో తుడిచేస్తాడు. నిలబడి తినడం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది గానీ కూర్చుంటే ఇంత కబుర్లు నడవవు, పక్కన నిలబడ్డ పెద్దాయన మా ప్లేట్ చూసి ఇంకేం తినాలో ఆయనే చెప్పారు.

కేథడ్రల్ దగ్గర బోదేగా సాంతా క్రూస్‌లో కూడా సుద్ద లెక్కే. అక్కడ వేయించిన వంకాయ మీద తేనె పోసి ఇస్తారు, బెరెన్‌హేనాస్ కోన్ మియెల్ అని అడగండి. కొన్ని చోట్ల తేనె బదులు చెరకు పాకం పోస్తారు, నాకైతే అదే ఇంకా నచ్చింది. స్ట్రిక్ట్ వెజ్ అయితే చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తున్నారా అని కనుక్కోండి. 1850 నాటి కాసా మొరాలెస్‌లో పెద్ద పెద్ద మట్టి వైన్ బానలు ఉంటాయి, చూడ్డానికైనా వెళ్ళొచ్చు. సాల్మొరేహొ అని టమాటా, బ్రెడ్, ఆలివ్ నూనె కలిపి రుబ్బిన చల్లటి చిక్కటి సూప్ ఉంటుంది, పైన గుడ్డు, హామ్ చల్లుతారు, అవి వద్దని ముందే చెప్పాలి.

బస్సులో దాదాపు మూడు గంటలు ప్రయాణం చేసి గ్రనాడా వెళ్ళాం. ఇక్కడ డ్రింక్ చెప్తే తాపా ఫ్రీ, నిజంగానే ఫ్రీ, చాలా బార్లలో కోక్ చెప్పినా ఇస్తారు కాబట్టి మందు తాగని అక్కకి కూడా ప్లేట్ వస్తుంది. రెండో డ్రింక్‌కి వేరే ఐటమ్, మూడో దానికి ఇంకోటి. స్టూడెంట్స్ ఊరు కాబట్టి రేట్లు కూడా తక్కువ, నావాస్ వీధిలో లోస్ దియమాంతెస్‌లో వేడి వేడి వేయించిన చేపలు, రొయ్యలు, మా రూమ్మేట్‌కి ట్రిప్ మొత్తంలో నచ్చింది అదే. కానీ ఫ్రీగా వచ్చే ప్లేట్‌లో ఏముండాలో చాలాచోట్ల బార్ వాడి ఇష్టం. ఒక బార్‌లో మాంసం వద్దు అని చెప్పాం, ట్యూనా వచ్చింది, ఇంకో ప్లేట్ మీద హామ్ తురుము, వాళ్ళ లెక్కలో అవి మాంసం కింద రావు. "సోయ్ వెహెతారియానా" (నేను వెజిటేరియన్‌ని) అని చెప్పి, చేప వద్దు, హామ్ వద్దు, గుడ్డు వద్దు అని విడివిడిగా చెప్పాలి, అలా చెప్పాక బాగానే చూసుకున్నారు గానీ ప్రతి బార్‌లో అక్క అంత కథ చెప్పుకోవాల్సి రావడం నాకు నచ్చలేదు, ట్రీట్ ఇచ్చేది ఆమెకి కూడా కదా. బీఫ్ తిననివాళ్ళు తెర్నేరా అనే మాట, పోర్క్ తిననివాళ్ళు సెర్దో అనే మాట గుర్తుపెట్టుకోండి, మీట్‌బాల్స్‌లో రెండూ కలిపేస్తారు చాలాచోట్ల.

గ్రనాడాలో బస అల్బైసిన్ గుట్ట మీద తీసుకున్నాం. గులకరాళ్ళ రోడ్లు, సూట్‌కేస్ చక్రాలు పనికిరావు, సీ31 మినీబస్ ఎక్కండి. పొద్దున్నే సాన్ నికొలాస్ వ్యూపాయింట్ నుంచి అల్‌హంబ్రా కోట, వెనకాల సియర్రా నెవాడా కొండలు చూశాక మెట్ల కష్టం మర్చిపోయాం. అల్‌హంబ్రా టికెట్ బాగా ముందే బుక్ చేసుకోవాలి, లోపలున్న నస్రిద్ ప్యాలెస్‌కి టైం స్లాట్ ఉంటుంది, ఆ టైం దాటితే లోపలికి పంపరు, పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి.

సర్వీస్ సంగతి. రెండు ఊళ్ళలోనూ వెయిటర్లు నవ్వుతూ వచ్చి పలకరించరు, బిల్ మనం అడిగితేనే తెస్తారు, అది మర్యాద లేక కాదు, ఎంతసేపైనా ఉండమనే. టేబుల్ దగ్గర కూర్చుంటే బ్రెడ్‌కి విడిగా వేస్తారు, కొన్ని చోట్ల బయట టేబుళ్ళ దగ్గర తాపా సైజే ఇవ్వరు, మీడియా రసియోన్, అంటే తాపా కన్నా పెద్దదైన హాఫ్ ప్లేట్, దాన్నుంచే మొదలు. నలుగురికి అదే లాభం అనుకోండి. కుళాయి నీళ్ళు అడిగితే ఫ్రీగా ఇవ్వాలి, 2022 నుంచి చట్టమే ఉంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా చాలా కిచెన్లు మూసేస్తారు, మన ఇళ్ళలోలాగే రాత్రి తొమ్మిది తర్వాతే అసలు భోజనం.

డబ్బుల విషయానికొస్తే సెవిల్‌లో ప్లేట్ మూడు నుంచి ఐదు యూరోలు పడింది, గ్రనాడాలో డ్రింక్ డబ్బులతో కడుపు నిండింది. అయినా నా ఓటు సెవిల్‌కే. ఎవరికేం కావాలో వాళ్ళే ఏరుకుని, అందరికీ మధ్యలో పెట్టుకుని తిన్నాం, ఒక్కరు కూడా ఆకలితో లేవలేదు. ఒక్కో బార్‌లో బిల్ చిన్నది కాబట్టి నేను పర్సు తీసేలోపు గుంటూరోడు కార్డు పెట్టేయడం, "ట్రీట్ నాది రా" అని నేను లాక్కోవడం, అక్క మధ్యలో ఇద్దర్నీ కసురుకోవడం, బార్ మారిన ప్రతిసారీ ఇదే గొడవ.

రెండూ చూడాలనుకుంటే గ్రనాడా ముందు పెట్టుకుని పార్టీ రాత్రి సెవిల్‌కి ఉంచుకోండి. అది ఆదివారం రాత్రో సోమవారమో పడకుండా చూసుకోండి, చాలా బార్లకి అప్పుడే సెలవు. జూలై, ఆగస్టు అసలొద్దు, ఎండ 40 దాటుతుంది, బార్ నుంచి బార్‌కి నడవలేరు.