బందరు గాలిలో పాత మారుతి 800: ఇంట్లోనే బాగుచేసుకుంటూ ఇరవై ఏళ్లు

మాది 1992 మోడల్ మారుతి 800. నాలుగు గేర్లు, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్, ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే పాత పద్ధతి పాయింట్ల ఇగ్నిషన్. ఏసీ లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, కొని ఇరవై ఏళ్లు దాటింది. మేముండేది మచిలీపట్నంలో. ఈ కారు ఎలా నడుస్తుందో తెలియని ఇల్లు మన ఊళ్లలో లేదు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. ఇంటి ముందు నీడలో పెట్టుకుని, సొంత చేతులతో బాగుచేసుకునేవాళ్లకి ఇది ఎలాంటి బండి అన్నదే ఇక్కడ చెప్పదలుచుకున్నది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. ఇంజిన్ గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఈ వయసు బండిలో మనిషిని నిద్రపోనివ్వనివి రబ్బరు, తుప్పు. వాటిని కనిపెట్టుకుని ఉంటే మిగతాదంతా ఇంట్లో అయ్యే పనే.

బోనెట్ ఎత్తితే ఇందులో అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. 796 సీసీ, మూడు సిలిండర్లు, అడ్డంగా కూర్చున్న చిన్న ఇంజిన్. పక్కల నుంచి చూస్తే కింద నేల కనిపించేంత ఖాళీ ఉంటుంది. 1983 డిసెంబర్‌లో మొదలై 2014 జనవరి దాకా, మధ్యలో రూపం మారినా, ఇదే కొలత ఇంజిన్‌తో 25 లక్షలకు పైగా బళ్లు తయారయ్యాయి. అందుకే దీని పని తెలిసిన పెద్ద మేస్త్రి ప్రతి ఊళ్లోనూ ఒకరు దొరుకుతారు. ఇక పనిముట్లంటారా, 10, 12, 14, 17 నంబర్ల పానాలు, ప్లగ్గు పానా, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్, ఒక టెస్టర్ లైటు ఉంటే ఇంట్లో చేయదగ్గ పనుల్లో ముప్పాతిక వంతు అయిపోతాయి. వీటికి తోడు ఒక జత స్టాండ్లు తప్పకుండా కొనుక్కోండి. జాకీ ఎత్తడానికే, ఆపి ఉంచడానికి పనికిరాదు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందకి తల పెట్టకండి. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టి, ఒకసారి బండిని చేత్తో గట్టిగా ఊపి చూశాకే కిందకి దూరాలి.

ట్యూనింగ్ ఇందులో అన్నిటికన్నా ఇష్టంగా చేసే పని. పాయింట్ల ఇగ్నిషన్ చాలామందికి చాదస్తంగా కనిపిస్తుంది గానీ, చెడిపోయేటప్పుడు చెప్పి చెడిపోతుంది. పొద్దున్నే స్టార్ట్ కావడానికి మారాం చేస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ ఇస్తుంది, అంటే నిప్పు తప్పి తడబడుతుంది. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు చూస్తే ఒక వైపు గుంట, రెండో వైపు మొటిమలాంటి బొడిపె కనిపిస్తుంది. కొద్దిగా ఉంటే నున్నటి ఎమెరీ కాగితంతో రుద్దితే సరిపోతుంది. మళ్లీ తొందరగా అలాగే అయితే తప్పు పాయింట్లది కాకపోవచ్చు, వాటి దగ్గర నిప్పురవ్వలు తగ్గించే కండెన్సర్ మార్చి చూడాలి. క్యామ్ ఎత్తు మీద పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ. మధ్య ఉండాలి. ఫీలర్ గేజ్ బ్లేడు వెన్నలో దిగినట్టు కాకుండా, కాస్త పట్టుకున్నట్టు కదలాలి. ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8. ఇంజిన్ పై భాగం, అంటే హెడ్డు, అల్యూమినియంది కాబట్టి ప్లగ్గుని మొదట చేత్తోనే తిప్పాలి, వేళ్లతో సాఫీగా దిగాకే పానా పట్టాలి. మరలు అడ్డంగా ఎక్కితే పోయేది ప్లగ్గు కాదు, హెడ్డు. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-2. ప్లగ్గు వైర్లు విప్పేముందు టేపు అంటించి నంబర్లు రాసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

కార్బొరేటర్ జోలికి పోవద్దని అందరూ చెబుతారు. ఆ మాట నేను ఒప్పుకోను. యాక్సిలరేటర్ తొక్కితే బాగానే లాగుతూ, కాలు తీయగానే ఆగిపోతోందంటే ముందుగా అనుమానించాల్సింది, కాలు తీసినప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు అందించే ఐడిల్ జెట్. సూదిమొనంత కన్నం అది, ట్యాంకు అడుగున ఉన్న మడ్డి చాలు దాన్ని మూసేయడానికి. జెట్ విప్పి, కార్బ్ క్లీనర్ కొట్టి, గాలి పెట్టి వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూస్తే కన్నం గుండ్రంగా కనబడాలి. తీగ పెట్టి కెలక్కూడదు, ఇత్తడి మెత్తన, కన్నం సాగిందంటే పెట్రోలు లెక్క తప్పుతుంది. విప్పుతున్నప్పుడు ప్రతి మెట్టూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. స్ప్రింగులు, లింకులు ఏది ఎక్కడో ఏ పుస్తకం కన్నా ఆ ఫొటోలే బాగా చెబుతాయి. జెట్ శుభ్రంగా ఉన్నా ఐడ్లింగ్ నిలవకపోతే కార్బొరేటర్ కింది గ్యాస్కెట్ దగ్గరా, సన్నటి వాక్యూమ్ పైపుల దగ్గరా చెవి పెట్టి వినాలి. చీలిక ఉన్నచోట సన్నగా ఈల వినిపిస్తుంది.

అలా మళ్లీ రబ్బరు దగ్గరికే వచ్చాం. పాత బండి కొన్న ప్రతివాళ్లూ ముందు మీటరు చూస్తారు. రబ్బరుకి కిలోమీటర్లతో పనిలేదు, దానికి సంవత్సరాలే లెక్క. షెడ్డులో కదలకుండా ఉన్న బండిలోనూ రబ్బరు ముసలిదవుతుంది. ఈ బండిలో పెట్రోలు పైపులు, రేడియేటర్ హోసులు, వాక్యూమ్ పైపులు, బ్రేకు హోసులు, వీల్ సిలిండర్ కప్పులు, ముందు చక్రాల డ్రైవ్ షాఫ్ట్ బూట్లు, ఇంజిన్ మౌంటింగులు, లోయర్ ఆర్మ్ బుష్షులు, టైమింగ్ బెల్టు, ముందు అద్దం చుట్టూ ఉండే బీడింగు, అన్నీ ఆ కోవలోవే. రేడియేటర్ హోసుని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కి చూడండి. కరకరమని చప్పుడు చేసినా, నొక్కిన చోట పగుళ్లు విచ్చుకున్నా ఇక ఆలోచించకుండా మార్చేయాలి. ఈ చిన్న ఇంజిన్ వేడెక్కితే ముందు పోయేది హెడ్ గ్యాస్కెట్. రెండు హోసులు, వాటి క్లిప్పులు, ఒక డబ్బా కూలెంట్ ఖర్చు ఆ పని ముందు లెక్కలోకి రాదు. ఎండాకాలంలో నీళ్లు పోసుకుంటూ నడపడం మన దగ్గర మామూలే గానీ, ఉత్త నీళ్లు లోపల తుప్పు పట్టించి రేడియేటర్ గొట్టాలు మూసేస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంటే పోయండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మా బండి పుట్టిన రోజుల్లో పైపులు ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పాత రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తర్వాత గట్టిపడి పగులుతుంది. కార్బొరేటర్ సూది వాల్వు మొనకీ, పెట్రోలు పంపు లోపలి పొరకీ ఇదే గతి. నేను పైపులన్నీ ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉన్న రకానికి మార్చాను. మామూలు పైపు కన్నా ధర బాగా ఎక్కువ, మొత్తం కలిపి పట్టేది మాత్రం కొద్దిగానే. వేడి ఇంజిన్ పక్కన పెట్రోలు చెమర్చే పైపు అంటే నిప్పుతో చెలగాటం, ఇక్కడ పొదుపు చూడొద్దు. ఇథనాల్ గాల్లో తేమని కూడా పీల్చుకుంటుంది. మా సముద్రపు ఊళ్లో నెలల తరబడి కదలని బండి కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబర్‌లో తెల్లటి బూజులాంటిది తేలడం నేను చూశాను. అందుకే వారానికొకసారి కోనేరు సెంటర్ దాకానైనా తిప్పి తీసుకొస్తాను. మైలేజీ కొంత తగ్గింది, అది ఒప్పుకోవాల్సిందే. విజయవాడ రోడ్డు మీద తొందరపడకుండా పోతే ఇప్పటికీ లీటరుకు పదహారుకి తగ్గదు.

బ్రేకుల పని ఇంట్లో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. చేయొచ్చు, సగం చేసి వదలకూడదు, అంతే. వెనక డ్రమ్ము విప్పగానే చూడాల్సింది లైనింగు ఒక్కటే కాదు. వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచుని గోటితో కొద్దిగా ఎత్తండి. లోపల తడి ఉంటే కప్పు కారుతున్నట్టే. ఆ తడి లైనింగు మీదకి చేరిందంటే బ్రేకు ఒక పక్కకి లాగుతుంది. లోపలి దుమ్ముని నోటితో ఊదకూడదు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడవాలి. సిలిండర్ రెండు పక్కలవీ ఒకేసారి మార్చాలి.

తర్వాత బ్రేకు పైపుల్లోంచి గాలి తీయడం. దీనికి రెండో మనిషి కావాలి, మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌కి ఎక్కువ దూరంలో ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెడతాం. గాలి వదలడానికి చక్రం దగ్గరుండే చిన్న మర, అంటే నిపుల్, దాని మీద ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచుతాను. లేదంటే విరిగి చేతికొస్తుంది. నిపుల్‌కి పారదర్శకమైన సన్న పైపు తొడిగి, రెండో కొస కొంచెం బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచి, "తొక్కు" అంటాను. ఆమె తొక్కి, "పట్టుకున్నానండీ" అంటుంది. నిపుల్ పావు చుట్టు వదులు చేస్తే బుడగలతో కలిసిన నల్లటి ఆయిల్ పైపులోకి వస్తుంది. నిపుల్ బిగించాకే "ఇప్పుడు వదులు" అనాలి. ఆ మాట ముందు పడితే బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఆయిల్ తేనె రంగులోకి మారి, బుడగ ఒక్కటీ రాకుండా, పెడల్ రాయిలా నిలబడేదాకా ఇదే పని. మాస్టర్ సిలిండర్ మీది ఆయిల్ డబ్బా ఖాళీ కాకుండా మధ్యమధ్యలో పోస్తూ ఉండాలి. "ఏవండీ, ఇప్పుడు కాలు కిందకి పోవట్లేదు" అని లోపల్నుంచి ఆమె అన్నాకే నేను లేస్తాను. పెడల్ సంగతి నాకన్నా ఆమె కాలికే బాగా తెలుసు. బ్రేక్ ఆయిల్ కూడా తేమని పీల్చుకునేదే కాబట్టి బండి తిరిగినా తిరక్కపోయినా రెండేళ్లకొకసారి మొత్తం మార్చేస్తాం.

తుప్పు విషయంలో మాత్రం ఈ బండికి నేను మంచి మార్కులు వేయలేను. రేకు పల్చన, పైగా మాది ఉప్పు గాలి. తలుపుల అడుగు అంచులు, ముందు ఫెండర్ల చివర, బ్యాటరీ కింది పళ్లెం, కార్పెట్ కింద కాళ్లు పెట్టుకునే చోటు ముందుగా తింటుంది. తలుపు అడుగున నీళ్లు దిగిపోవడానికి చిన్న కన్నాలుంటాయి, ఆకులూ మట్టీ పేరుకుని అవి మూసుకుంటే లోపలినుంచి కుళ్లుతుంది. వానలకి ముందు వాటిని పుల్లతో శుభ్రం చేయడం రూపాయి ఖర్చు లేని పని. చిన్న మచ్చ కనబడితే మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, ప్రైమర్ వేసి, తర్వాత రంగు వేయండి. తుప్పు మీద పుట్టీ రాసి రంగు కొట్టే టింకరింగ్ షెడ్డులు చాలా ఉన్నాయి. ఒక షెడ్డులో మా బండి తలుపుకి అలాగే చేశారు, రెండో వానాకాలానికి పొంగి పెచ్చు ఊడింది.

స్పేర్ల కోసం బందరులో దొరకనివాటికి విజయవాడ ఆటోనగర్ వెళ్తాను. పాత వస్తువు చేతిలో పట్టుకెళ్లడం తప్పనిసరి. 800లోనే ఏళ్లను బట్టి భాగాలు మారాయి. 1997 తర్వాతి రూపానికీ, 2000 నుంచి వచ్చిన, కార్బొరేటర్ బదులు పెట్రోలు ఇంజెక్షన్ ఉన్న ఎంపీఎఫ్‌ఐకీ వచ్చేవి మా బండికి అన్నీ సరిపోవు. కౌంటర్ మీద అబ్బాయి "కంపెనీది ఇమ్మంటారా, లోకల్‌ది చాలా గురూ గారూ?" అని అడుగుతాడు. బ్రేకులు, స్టీరింగ్, టైమింగ్ బెల్టు, పెట్రోలు పైపులు, వీటిలో నేను కంపెనీదే తీసుకుంటాను. తలుపు పిడి, అద్దం తిప్పే హ్యాండిల్, లైటు గ్లాసు లోకల్‌వైనా ఫర్వాలేదు. పాయింట్లు, కండెన్సర్ ఇప్పుడు అడిగిన వెంటనే దొరకట్లేదు. మంచివి కనబడినప్పుడు రెండు సెట్లు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటున్నాను.

ఇంట్లో పెట్టుకోకూడని పనులూ ఉన్నాయి. క్లచ్ ప్లేటుకి గేర్‌బాక్స్ దించాలి, ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. వీల్ అలైన్‌మెంట్, హెడ్డు పని, ఫ్లోర్ వెల్డింగ్ మేస్త్రికే ఇస్తాను. తీసేసిన ఆయిల్ కాలవలో పోయొద్దు, పాత ఆయిల్ కొనేవాళ్లు ఉన్నారు. ఇంకొకటి, ఎంత ముద్దుగా చూసుకున్నా ఇందులో ఎయిర్ బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, రేకు ఎంత పల్చనో పైన చెప్పాను. హైవే మీద మనవరాలిని ఎక్కించుకుని వెళ్లాల్సి వస్తే మా అల్లుడి కొత్త కారే తీస్తాం. ఊళ్లో పనులకీ, పెడన, గూడూరు లాంటి దగ్గర ప్రయాణాలకీ దీనికి సాటి లేదు, ఎంత ఇరుకు సందులోనైనా తిరుగుతుంది.

ఇది చదివి ఒకటి కొందామనుకునేవాళ్లు ముందు ఆర్‌సీ చూడండి. 15 ఏళ్లు దాటిన కారుకి ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022లో ఆ ఫీజు 5,000 రూపాయలైంది, 2025లో 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. గడువు అయిపోయిన బండి తక్కువకి వస్తోందంటే ఈ ఖర్చులన్నీ కలుపుకుని బేరం చేయాలి. తర్వాత కార్పెట్లు ఎత్తించి ఫ్లోర్ మీద బొటనవేలితో గట్టిగా నొక్కండి. అమ్మేవాళ్లు ఎత్తనివ్వకపోతే ఆ బండి వదిలేయండి. ఫ్లోర్ గట్టిగా ఉండి, ఇంజిన్ పొగ వదులుతున్నా, మిస్సింగ్ ఇస్తున్నా నేనైతే కొంటాను. ఇంజిన్ మెత్తగా పాడుతున్నా ఫ్లోర్ పోయిన బండి మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోను.