అర ఎకరం కల, మూడు ట్రేల వానపాముల పెట్టె: నాలుగేళ్ళ వాడకం తర్వాత

నాకు పొలం లేదు. ఉంటే బాగుండునని మాత్రం పదేళ్ళుగా అనుకుంటున్నాను. పెద్దదేం కాదు, అర ఎకరం చాలు. కాసిని కూరగాయలు, నాలుగు పండ్ల చెట్లు, ఓ మూల కోళ్ళు. ఉద్యోగం మానలేను, ఇప్పట్లో భూమి కొనలేను, అలాగని చేతులు కట్టుకుని కూర్చోనూ లేను. అందుకే నాలుగేళ్ళ కిందట బాల్కనీలోనే ఏదో ఒకటి మొదలుపెడదామనుకున్నాను. అందరూ మొక్కలతో మొదలుపెడతారు, నేను ఎరువుతో మొదలుపెట్టాను. మట్టి బాగుంటే మొక్క సంగతి అదే చూసుకుంటుందని అప్పట్లో నా నమ్మకం. బాల్కనీకి ఎండ రాకపోతే ఎంత మంచి ఎరువైనా ఏం చేస్తుందన్న ఆలోచన అప్పటికింకా రాలేదు.

కొన్నది వానపాముల పెట్టె. ఒకదాని మీద ఒకటి పేర్చే మూడు ప్లాస్టిక్ ట్రేలు, అడుగున నీళ్ళు దిగే తొట్టి, దానికో బుల్లి కుళాయి, పైన మూత. ట్రేల అడుగున చిల్లులుంటాయి. కింది ట్రే నిండాక పైన ఇంకోటి పెట్టి మేత అందులో వేస్తే, పాములు వాటంతటవే పైకి ఎక్కి వస్తాయని పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంలో రాశారు. పాములు విడిగా తెచ్చుకున్నాను, అర కిలో. లెక్కకి దాదాపు వెయ్యి ఉంటాయి. మా చిన్నది బడికెళ్ళి “మా ఇంట్లో వెయ్యి పాములున్నాయి” అని చెప్పొచ్చింది. మర్నాడు టీచరు ఫోన్ చేసి మరీ అడిగారు.

ఇవి తోటలో తవ్వితే కనిపించే వానపాములు కావు. నేలలో లోతుగా బొరియలు చేసుకునే రకం పెట్టెలో ఇమడదు. పెట్టెకి కావలసింది పైపైన, కుళ్ళే ఆకుల్లో బతికే ఎర్ర రకం. శాస్త్రీయంగా ఐసీనియా ఫెటిడా అంటారు. చర్మంతోనే గాలి పీలుస్తాయి కాబట్టి వాటికి పరిచే పరుపు, అంటే చింపిన అట్టముక్కలు, ఎప్పుడూ తడిగా ఉండాలి. పిండేసిన స్పాంజి ఎంత తడిగా ఉంటుందో అంత. ఎండితే చస్తాయి, నీళ్ళు నిలిస్తే గాలాడక చస్తాయి. 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి, 35 దాటితే కష్టం. ఇదంతా చదివాను. చదవడం వేరు, చేయడం వేరు.

మొదటి ఏడాదే ఒకసారి తొమ్మిది రోజులు ఊరెళ్ళాల్సి వచ్చింది. పాపం ఆకలితో ఉంటాయని, వెళ్ళే ముందు పెట్టె నిండా తొక్కలు కుక్కి వెళ్ళాను. తిరిగొచ్చి మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సిన కంపు. పచ్చి చెత్త ఒకేచోట ఎక్కువగా పడితే సూక్ష్మజీవులు దాని మీద పడి వేడి పుట్టిస్తాయి. పెద్ద కంపోస్టు కుప్పలో ఆ వేడి మంచిదే, పాముల పెట్టెలో అది చావు. మూత లోపలి వైపుకి పాకి ముద్దగా పేరుకున్నవి బతికాయి, మిగిలినవి లేవు. నేను ఆకలి గురించి భయపడ్డాను, అవి చచ్చింది మేత ఎక్కువై. మేత వేయకపోయినా అట్టముక్కలు తింటూ రెండు మూడు వారాలు నిక్షేపంగా ఉంటాయని ఆ తర్వాత తెలుసుకున్నాను. మిగిలిన వాటితోనే మళ్ళీ మొదలుపెట్టాను. ఆవగింజ కంటే కాస్త పెద్దగా, నిమ్మకాయ ఆకారంలో పసుపుపచ్చ గుడ్ల సంచులు పరుపులో అప్పటికే ఉన్నాయి. ఒక్కోదాంట్లోంచి రెండు మూడు పిల్లలు వస్తాయి. నాలుగైదు నెలల్లో పెట్టె మళ్ళీ కళకళలాడింది.

ఇక పెట్టె సంగతి. పాములు పైకెక్కుతాయన్న మాట సగమే నిజం. కొన్ని ఎక్కుతాయి, బద్ధకిష్టులు కిందే ఉండిపోతాయి. ఎరువు తీసే రోజు ప్రతిసారీ ప్లాస్టిక్ పట్ట మీద కుప్పలు పోసి, పైన దీపం పెట్టి కూర్చుంటాను. వెలుతురు పడక అవి కిందికి దిగుతాయి, పై పొర గీరి తీసుకుంటాను, మళ్ళీ పావుగంట ఆగుతాను. ఒక పూట పడుతుంది. నాకా పూట ఇష్టమే, కానీ చేయి పెట్టక్కర్లేదని నమ్మి కొనేవాళ్ళకి ఇది చెప్పాలి.

అడుగు తొట్టి అసలు లోపం. పాములు చిల్లుల్లోంచి జారి అందులో పడతాయి, పైకి రాలేక మునిగి చస్తాయి, చచ్చినవి కుళాయికి అడ్డం పడతాయి. రెండో ఏడాది ఒక ఇటుక ముక్క అందులో పెట్టాను, ఎక్కి రావడానికి. కుళాయి ఎప్పుడూ తెరిచే ఉంచి కింద సీసా పెట్టాను. అప్పటినుంచి గొడవ లేదు. ఆ సీసాలోకి దిగే నల్ల నీళ్ళని ఆ పుస్తకం గొప్ప టానిక్కులా వర్ణించింది. అది చెత్తలోంచి కారిన నీరు, సగం కుళ్ళినదీ అందులో ఉంటుంది. నేను పదింతలు నీళ్ళు కలిపి పూలకుండీలకి మాత్రమే పోస్తాను, పచ్చిగా తినే ఆకుకూరల మీద చల్లను.

ప్లాస్టిక్ మూడేళ్ళు బాగానే ఉంది. నాలుగో ఏడాది ఎండ తగిలే వైపు ట్రేల అంచులు పెళుసెక్కి చిట్లాయి. పెట్టె రంగు నలుపు, ఎండని ఇట్టే లాగేస్తుంది. నీడలో పెట్టే చోటు లేకపోతే దీన్ని కొనొద్దు, అంతే. పళ్ళ ఈగలు మొదటి రెండేళ్ళు మా ఆవిడకి నరకం చూపించాయి. మేత వేసిన ప్రతిసారీ పైన రెండంగుళాల మందాన చింపిన అట్టముక్కలు కప్పడం మొదలుపెట్టాక తగ్గాయి. పూర్తిగా పోలేదు. నిమ్మ జాతి తొక్కలు, ఉల్లిపాయ, నూనె, మాంసం, పాలవి వేయను. కాఫీ పొడి, టీ ఆకు, గుడ్డు పెంకులు నూరిన పొడి వాటికి పండగ.

ఎరువు మాత్రం నిజంగా బాగుంటుంది. వాన పడిన నేల వాసన. కుండీ మట్టిలో ఐదో వంతు కలిపితే చాలు. అంతకంటే ఎక్కువ కలిపిన కుండీల్లో నారు నాకు బాగా రాలేదు. ఒక తమాషా ఏంటంటే, మేత మితంగా వేస్తే పాముల పెట్టెలో పెద్దగా వేడి పుట్టదు కాబట్టి గింజలు చావవు. ఏ కుండీలో ఈ ఎరువు వేసినా టమాటా మొక్కలు మొలుస్తాయి. గత ఏడాది మేం తిన్న టమాటాల్లో సగం ఎవరూ నాటనివే.

అసలు ఈ పెట్టె గురించి రాయాలనిపించింది వేరే కారణానికి. మూడో ఏడాది ఒక రోజు పుస్తకంలో లెక్క వేశాను. నా పెట్టె ఏడాదికి ఇచ్చేది సుమారు 50 లీటర్ల ఎరువు. చదరపు మీటరు నేల మీద ఒక సెంటీమీటరు మందాన పరచాలంటే 10 లీటర్లు కావాలి. అంటే ఏడాదంతా వంటింటి చెత్త మోసి నేను పోషించగలిగేది ఐదు చదరపు మీటర్లు. అర ఎకరం సుమారు 2,000 చదరపు మీటర్లు. ఒక్కసారి పరచడానికే 20,000 లీటర్లు. ఈ పెట్టెతో నాలుగు వందల ఏళ్ళు పడుతుంది!

ఆ రోజు నవ్వొచ్చింది, కాసేపటికి నీరసం వచ్చింది. పొలం గురించి పదేళ్ళు కలగన్నాను కానీ, ఆ పొలానికి ఎరువు ఎక్కడినుంచి వస్తుందని ఒక్కసారీ అడగలేదు. చిన్న రైతులు నేలకి ఎరువయ్యే పచ్చిరొట్ట పైర్లు వేసి ఎందుకు దున్నేస్తారో, పప్పుజాతి పంటని మధ్యలో ఎందుకు తిప్పుతారో, పశువుల్ని పాల కోసమే కాదు పేడ కోసం కూడా ఎందుకు ఉంచుకుంటారో అప్పుడు అర్థమైంది. ప్రపంచంలోని పొలాల్లో నూటికి 84 రెండు హెక్టార్ల లోపువేనని 2021లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) పరిశోధకులు అంచనా వేశారు. మొత్తం సాగుభూమిలో వాటి వాటా సుమారు 12 శాతమే, పండించేది మాత్రం ప్రపంచ ఆహారంలో మూడో వంతు పైనే. ఇదివరకు ఆ అంకెలు చదివితే గర్వంగా ఉండేది. ఇప్పుడు, అంత పంట తీయడానికి ఎంత మోయాలో అనిపిస్తుంది.

కల పోలేదు, కాస్త కుదించుకున్నాను. అర ఎకరం బదులు రెండు వందల చదరపు మీటర్లు. అదీ కొనడం కాదు, ఎవరైనా కౌలుకిస్తే రెండేళ్ళు చేసి చూడటం. ఇంట్లోవాళ్ళు ఈ మాటకి మాత్రం వెంటనే సరే అన్నారు. అర ఎకరం అన్నప్పుడు వాళ్ళ ముఖంలో కనిపించిన టెన్షన్ ఈసారి లేదు.

మళ్ళీ కొంటానా అంటే, ఇదే పెట్టె కొనను. రెండోది పాత చెక్కలతో నేనే చేసుకున్నాను. ట్రేలు లేవు, కుళాయి లేదు. ఒకే పొడుగాటి పెట్టె, అడుగున చిన్న చిల్లులు, పైన తడి గోనెపట్టా. ఒక పక్క మేత వేస్తూ పోతే పాములు మెల్లగా అటు జరుగుతాయి, ఖాళీ అయిన పక్క ఎరువు తీస్తాను. చెక్క గాలి పీలుస్తుంది, వేసవిలో తక్కువ వేడెక్కుతుంది. ఏదో ఒక రోజు పుచ్చిపోతుంది, అది వేరే సంగతి. చోటు తక్కువున్నవాళ్ళకి, ఎరువు తయారీ ఎలా ఉంటుందో ముందు ఒకసారి చూద్దామనుకునేవాళ్ళకి ప్లాస్టిక్‌దే నయం. ఇటుక ముక్క మాత్రం మొదటి రోజే పెట్టండి.

వచ్చే నెల మళ్ళీ పది రోజులు ఊరెళ్ళాలి. ఈసారి మేత ఏమీ వేయను. రెండు పెట్టెల్లోనూ తడి అట్టముక్కలు నింపి, పైన కప్పి, నీడకి జరిపి వెళ్తాను.